సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ గోలీ రాశారు, వేసుకోవచ్చా?

అమ్మా, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. మిగతావాళ్ళకీ ఉపయోగపడుతుంది కాబట్టి ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెబుతాను. మీ వారికి 38 ఏళ్ళు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా సోరియాసిస్ ఉంది. మొదట్లో మోచేతుల మీద, తలలో మాత్రమే ఉండేది. మొన్నటి చలికాలం నుంచి వీపు, నడుము, రెండు కాళ్ళూ కమ్మేసింది. పూతమందులు రాస్తే నాలుగు రోజులు తగ్గడం, ఆపితే మళ్ళీ రావడం. ఇప్పుడు చర్మం డాక్టరుగారు వారానికోసారి మెథోట్రెక్సేట్ గోలీ రాశారు. ఫోన్లో వెతికితే క్యాన్సర్ మందు అని కనిపించింది, అత్తగారు భయపడి వద్దన్నారు. కడుపు స్కాన్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ వచ్చింది, వారాంతాల్లో బీరు అలవాటు ఉంది, రెండో బిడ్డ కావాలనుకుంటున్నారు. ఈలోగా బంధువులు ఎవరో పొట్లాల మందు ఇచ్చే ఒకాయన పేరు చెప్పి, రెండు నెలల్లో వేళ్ళతో సహా పోతుందని అంటున్నారు. గోలీ వేసుకోవాలా, వద్దా? వేసుకుంటే ఎన్నాళ్ళు?

నేను చర్మవ్యాధుల డాక్టరుని, హైదరాబాద్‌లోనే చదువుకుని ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను. రోగిని చూడకుండా మోతాదు చెప్పను, ఎవరూ చెప్పకూడదు. కానీ మీ డాక్టరుగారు చూపించిన దారి సరైనదే. మెథోట్రెక్సేట్ వల్ల దెబ్బతిన్నవాళ్ళని నేను చూశాను. వాళ్ళలో ఎక్కువమంది వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకున్నవాళ్ళు, రక్త పరీక్షలు మానేసినవాళ్ళు, తాగుతూ వేసుకున్నవాళ్ళు. మీరు భయపడాల్సింది ఆ మూడింటికి. మూడూ మీ ఇంట్లో మీ చేతిలో ఉన్న విషయాలే.

పూతమందు ఇక ఎందుకు సరిపోదో ముందు చెప్పాలి. సోరియాసిస్ కనిపించేది చర్మం మీదే అయినా దాన్ని నడిపించేది లోపలి రోగనిరోధక వ్యవస్థ. మామూలుగా చర్మం అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్నచోట తెల్లకణాలు ఆగకుండా సంకేతాలు పంపుతుంటాయి. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 17, ఇంటర్‌ల్యూకిన్ 23 అని మీకు ఎక్కడైనా కనబడితే అవి ఈ సంకేతాల పేర్లే. దాంతో నెల పట్టే పని నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. పూర్తిగా తయారుకాని ఆ కణాలే దొంతర్లుగా పేరుకుని, పొద్దున దుప్పటి దులిపితే తెల్లటి పొట్టులా రాలేది. మచ్చలు కొద్దిచోట్ల ఉంటే పైనుంచి మందు రాసి అణచవచ్చు. ఒళ్ళంతా ఉన్నప్పుడు ఘాటైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ట్యూబుల కొద్దీ పూస్తే అది చర్మాన్ని పలచన చేస్తుంది, తొడల మీద, చంకల్లో చారలు పడతాయి, కొంత ఒంట్లోకీ వెళ్తుంది.

ఎంత ఉంటే మాత్రలు అనేదానికి మేము వాడే లెక్క మీరూ ఇంట్లో వేసుకోవచ్చు. మీ వారి అరచెయ్యి, వేళ్ళతో సహా, ఆయన ఒంటిమీద సుమారు 1 శాతం. మచ్చల మీద ఆ చెయ్యి ఎన్నిసార్లు పరిస్తే సరిపోతుందో చూడండి. పది దాటితే పూతతో నెట్టుకురావడం కష్టం. మీరు చెప్పినదాన్నిబట్టి ఆయనది తేలిగ్గా దాటుతుంది. పది దాటకపోయినా అరచేతులు, అరికాళ్ళు, మర్మాంగాలు, ముఖం మీద ఉండి బతుకు కష్టమైతే మాత్రలు ఇస్తాం. షర్టు చేతులు మడవలేక, పిల్లతో ఈతకొలనులోకి దిగలేక, కటింగ్ షాపులో తల చూపించలేక సతమతమయ్యే మనిషికి శాతాలతో పనిలేదు. ఇది అంటుకునే జబ్బు కాదన్న సంగతి మీ చుట్టుపక్కలవాళ్ళకి ఎన్నిసార్లయినా చెప్పండి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. పొద్దున లేవగానే వేళ్ళు, మోకాళ్ళు బిగుసుకుపోయి అరగంట, గంట వరకు సర్దుకోవడం లేదా? మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ పోటు పెడుతుందా? చేతివేలో, కాలివేలో ఒకటి మొదలు నుంచి చివర దాకా వాచిందా? గోళ్ళ మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు ఉన్నాయా? సోరియాసిస్ ఉన్నవాళ్ళలో వందకి 30 మంది దాకా కీళ్ళ జబ్బు రావచ్చు. లాప్‌టాప్ ముందు కూర్చుని కూర్చుని వచ్చిన నొప్పి అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. ఈలోగా కీలు అరిగిపోతే తర్వాత ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు. ఇవి ఉంటే డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, కీళ్ళవాతం నిపుణుణ్ణి కూడా కలవండి. పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. చేతులు, కాళ్ళ కీళ్ళకి మెథోట్రెక్సేట్ పనిచేస్తుంది కాబట్టి కీళ్ళ నొప్పి ఉంటే ఈ మందు వైపే మొగ్గు పెరుగుతుంది. వెన్నెముకకి మాత్రం దీంతో పెద్దగా గుణం కనిపించదు.

ఇక క్యాన్సర్ మందు అన్న మాట. అది అబద్ధం కాదు. ఈ మందు పుట్టుకలో మన తెలుగు శాస్త్రవేత్త పాత్ర ఉందని మీ అత్తగారికి చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకి నాయకుడిగా ఉన్నప్పుడు, ఆయన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌నీ, మెథోట్రెక్సేట్‌నీ తయారుచేసింది. 1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చి జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని చూపించారు. సుబ్బారావుగారు ఆ ఏడాదే పోయారు. 1951లో కీళ్ళవాతానికి అమినోప్టెరిన్ వాడి చూస్తున్న డాక్టర్లు, దానితో సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గుతున్నాయని గమనించి రాశారు. సోరియాసిస్ వైద్యంలోకి ఈ మందులు వచ్చిన దారి అది.

తేడా అంతా మోతాదులో ఉంది. క్యాన్సర్‌కి ఒక్కోసారి వందలు, వేల మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కిస్తారు. సోరియాసిస్‌కి వారం మొత్తానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఇంత తక్కువలో అది కణాలని చంపే పని కన్నా, తెల్లకణాల హడావుడిని తగ్గించే పనే ఎక్కువ చేస్తుంది. జుట్టంతా ఊడిపోవడం, మనిషి చిక్కి శల్యమైపోవడం, మీ అత్తగారి మనసులో ఉన్న ఆ చిత్రం ఈ మోతాదుది కాదు. జుట్టు కాస్త పలచబడటం కొందరిలో ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఇది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. మిగతా గోలీలన్నీ రోజూ వేసుకునేవి కావడంతో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. ఒక పెద్దాయనకి డాక్టరు వారానికోసారి అని రాస్తే, మందుల షాపులో కవరు మీద రోజుకి ఒకటి అని రాసిచ్చారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కవరు చదివి, బుద్ధిగా అలాగే వేసుకున్నాడు. వారం పది రోజులకి నోరంతా పూసి, పెదాలు చిట్లి, గంజి కూడా మింగలేని స్థితిలో నా దగ్గరికి తీసుకొచ్చారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోయాయి. వెంటనే ఆస్పత్రిలో పెట్టి విరుగుడుగా ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షన్లు ఇచ్చారు, బతికారు. ఆయన తప్పేమీ లేదు. అందుకే నేను చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, వారం పేరుతో సహా రాస్తాను. మీ డాక్టరుగారిని కూడా అలా రాసివ్వమని అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

ఏ రోజు అనేది మీరే ఎంచుకోండి. శనివారం ఉపవాసం ఉండే ఇల్లయితే శనివారం వద్దు. ఖాళీ కడుపున వికారం ఎక్కువ, నీళ్ళు తక్కువ తాగితే మందు ఒంట్లోంచి బయటికి పోవడమూ నెమ్మదిస్తుంది. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్ళయితే ఇఫ్తార్ తర్వాత, బాగా నీళ్ళు తాగి. చాలామంది గురువారమో శుక్రవారమో రాత్రి భోజనం చేశాక వేసుకుంటారు. వికారం వచ్చినా నిద్రలో గడిచిపోతుంది. గోడ క్యాలెండరులో ఆ రోజుల చుట్టూ సున్నా చుట్టి, వేసుకున్నాక టిక్కు పెట్టండి. ఒకవేళ మరిచిపోతే రెండు రోజుల లోపైతే వేసుకోవచ్చు. అంతకన్నా దాటితే ఆ వారం వదిలేసి, మళ్ళీ మామూలు రోజునే వేసుకోవాలి. మరిచిపోయానని రెండు వారాలది ఒకేసారి వేసుకోవడం ఎప్పటికీ వద్దు.

దీంతోపాటు ఫోలిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాముల గోలీ రాసి ఉంటారు. అది వికారం, నోటిపూత, లివర్ మీద భారం తగ్గించడానికి. మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజు కాకుండా మరో రోజు వేసుకోవాలి. ఇంట్లో జరిగే రెండో పొరపాటు ఇక్కడే. రెండూ చిన్న పసుపు గోలీలు కావచ్చు. స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోసుకోవద్దు, పక్కపక్కన పెట్టుకోవద్దు. మెథోట్రెక్సేట్‌లోనే 2.5, 5, 7.5, 10 అని రకరకాల బలాలు దొరుకుతాయి. షాపులో ఈసారి 2.5 లేదు, 10 ఉంది అని ఇస్తే తీసుకోకండి. ఇంకో షాపుకి వెళ్ళండి. గోలీల సంఖ్య అలాగే ఉండి బలం నాలుగింతలైతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మొదటి గోలీకి ముందు చేయించాల్సిన పరీక్షలు ఉన్నాయి. రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, షుగర్, కొలెస్ట్రాల్, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, ఛాతీ ఎక్స్‌రే. టీబీ కోసం చేతికి వేసే మాంటూ పరీక్షో, ఐజీఆర్ఏ రక్త పరీక్షో. మన దేశంలో ఒంట్లో నిద్రపోతున్న టీబీ చాలామందిలో ఉంటుంది, ఇలాంటి మందులతో అది మేలుకోవచ్చు, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోం. మొదలుపెట్టాక మొదటి ఒకటి రెండు వారాల్లో ఒకసారి రక్తకణాలు, లివర్ చూస్తారు. మోతాదు కుదురుకునే దాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి. మచ్చలు తగ్గగానే రోగులు మానేసేది ఈ పరీక్షలనే. గోలీల ఖర్చు కన్నా పరీక్షల ఖర్చే ఎక్కువ కాబట్టి అర్థం చేసుకోగలను. ప్రైవేటులో భారమైతే ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల చర్మ విభాగాలకి వెళ్ళండి. అక్కడి డాక్టర్లు ఈ మందు రోజూ రాస్తారు, ఇలాంటి కేసులు వాళ్ళకి కొట్టిన పిండి.

పరీక్ష ఎప్పుడు చేయించాలన్నది చాలామందికి ఎవరూ చెప్పరు. గోలీ వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో లివర్ ఎంజైములు కాస్త పెరిగి వాటంతట అవే దిగుతాయి. మర్నాడే రక్తం ఇస్తే రిపోర్టులో ఎర్ర గుర్తులు కనిపించి ఇల్లంతా గాభరా. గురువారం గోలీ అయితే మంగళవారమో బుధవారమో రక్తం ఇవ్వండి. కనీసం ఐదు రోజుల ఎడం ఉంటే నిజమైన సంగతి తెలుస్తుంది.

ఫ్యాటీ లివర్ గురించి. ఆ వయసు ఉద్యోగస్తులకి స్కాన్ తీస్తే గ్రేడ్ 1 అని రావడం నేను తరచుగా చూస్తాను. అది ఒక్కటే ఉన్నంత మాత్రాన మెథోట్రెక్సేట్ ఇవ్వకూడదని కాదు. ఎంజైములు మామూలుగా ఉండి, షుగర్ లేకపోతే చాలామందికి జాగ్రత్తగా ఇస్తాం. బరువు, షుగర్, మద్యం, ఫ్యాటీ లివర్ కలిసి ఉన్నప్పుడు ఈ మందు వల్ల లివర్‌లో మచ్చకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకని ఫైబ్రోస్కాన్ ఒకటి ముందే చేయించి పెట్టుకోమని నా సలహా. నొప్పి ఉండదు, సూది ఉండదు, లివర్ ఎంత గట్టిపడిందో చెబుతుంది. ముందున్న కొలత చేతిలో ఉంటే, ఏడాది తర్వాతది దాంతో పోల్చుకోవచ్చు.

బీరు విషయంలో మాత్రం నేను బేరం ఆడను. బీరూ మద్యమే. విదేశాల్లో కొందరు డాక్టర్లు కొద్దిగా అయితే ఫరవాలేదంటారు. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి నేను అలా చెప్పలేను. మద్యం సోరియాసిస్‌ని కూడా రెచ్చగొడుతుంది, సిగరెట్టూ అంతే. మీ వారు మానలేనని నిజాయితీగా చెబితే అది డాక్టరుగారికి చెప్పండి, వేరే మందు చూస్తారు. దాచిపెట్టి వేసుకోవడమే ప్రమాదం.

రెండో బిడ్డ సంగతి కూడా మొదటి గోలీకి ముందే తేల్చుకోవాలి. ఆడవాళ్ళు ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు, గర్భం పోవచ్చు, బిడ్డకి అవకరాలు రావచ్చు. మగవాళ్ళ విషయంలో భయం అంత లేదని ఈమధ్య సమాచారం చెబుతున్నా, మందు కాగితం మీద ఇప్పటికీ ఆపాక మూడు నెలలు ఆగమనే ఉంటుంది. నేనూ అదే పాటించమంటాను. ఈ ఏడాదే బిడ్డ కావాలనుకుంటే మెథోట్రెక్సేట్ మొదలుపెట్టకుండా వేరే దారి చూడటం మేలు. ఏడాదిన్నర ఆగుతామంటే ఇప్పుడు వాడి, జబ్బు అణిగాక ఆపి, ప్రయత్నించవచ్చు. బిడ్డకి సోరియాసిస్ వస్తుందా అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. వంశపారంపర్యం కొంత ఉంది. తల్లిదండ్రుల్లో ఒకరికే ఉన్నప్పుడు బిడ్డకి రాకపోయే అవకాశమే ఎక్కువ.

ఆ వేరే దారుల్లో మొదటిది అప్రెమిలాస్ట్. అమెరికాలో 2014లో అనుమతి వచ్చిన మందు, మన దగ్గర దేశీ కంపెనీలవి దొరుకుతున్నాయి. 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఆరో రోజుకి 30 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. దీనికి నెలనెలా రక్త పరీక్షలు అక్కర్లేదు, లివర్ మీద భారం లేదు, టీబీ భయం లేదు. మొదటి రెండు మూడు వారాలు విరేచనాలు, వికారం, తలనొప్పి ఉండొచ్చు, చాలామందిలో సర్దుకుంటాయి. కొందరిలో బరువు కాస్త తగ్గుతుంది, మీ వారికి అది మంచిదే. గతంలో డిప్రెషన్ ఉంటే ముందే చెప్పాలి. లోపం ఏమిటంటే ఖర్చు మెథోట్రెక్సేట్ కన్నా ఎక్కువ, బలం కాస్త తక్కువ. మచ్చలు నాలుగింట మూడు వంతులకి పైగా తగ్గేది నాలుగు నెలలకి సుమారు మూడోవంతు మందిలో. మెథోట్రెక్సేట్‌తో అది వందలో 40 మంది దాకా ఉంటుంది. బీరు మానడం, బిడ్డ కోసం ఆగడం, ఈ రెండిట్లో ఏది కుదరకపోయినా నా ఓటు దీనికే.

సైక్లోస్పోరిన్ త్వరగా పనిచేస్తుంది. ఒళ్ళంతా ఎర్రబడి మనిషి వణికిపోతున్నప్పుడు ఆదుకునే మందు, కానీ బీపీ పెంచుతుంది, కిడ్నీ మీద పడుతుంది, అందుకే నెలల లెక్కన మాత్రమే. అసిట్రెటిన్ చీము పొక్కుల రకానికి, అరచేతులు, అరికాళ్ళ రకానికి బాగుంటుంది, పెదాలు ఎండిపోతాయి, రక్తంలో ట్రైగ్లిసరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి. ఆపాక మూడేళ్ళ దాకా గర్భం రాకూడదు కనుక పిల్లలు కావాల్సిన ఆడవాళ్ళకి ఇవ్వం. టోఫాసిటినిబ్ మన దగ్గర విరివిగా రాస్తున్నారు. సర్పి, టీబీ, గుండె, రక్తం గడ్డల హెచ్చరికలు ఉన్న మందు, ఎవరికి ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వాలి. ఇవేవీ పనిచేయకపోతే, మొదట్లో చెప్పిన ఆ సంకేతాలని నేరుగా అడ్డుకునే బయొలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి గోలీలన్నిటికన్నా బలంగా పనిచేస్తాయి, ఖర్చు అందుకు తగ్గట్టే. వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి వచ్చే వీలుంటే యూవీబీ అనే అతినీలలోహిత లైటు చికిత్స కూడా అడగండి. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో అది ఎంతమందికి కుదురుతుందో మీకే తెలుసు.

పొట్లాల మందు గురించి అడిగారు. దయచేసి వెళ్ళకండి. సోరియాసిస్‌ని శాశ్వతంగా పోగొట్టే మందు ఇప్పటివరకు లేదు. ఉందని ఎవరైనా అంటే ఆ పొట్లంలో ఏముందో అడగండి. పేరులేని పొడుల్లో, రంగు గోలీల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపి ఉండటం మేము మళ్ళీ మళ్ళీ చూస్తున్నదే. పది రోజుల్లో మచ్చలు మాయమవుతాయి, ఆకలి పెరుగుతుంది, మొహం నిండుగా అవుతుంది, ఇంట్లోవాళ్ళు ఆయన చేతిలో మహిమ ఉందంటారు. తర్వాత షుగర్, బీపీ వస్తాయి. అసలు దెబ్బ ఆపినప్పుడు. జబ్బు ఇంతకుముందు లేనంతగా విరుచుకుపడుతుంది. తల నుంచి పాదం దాకా ఎర్రబడి పొట్టు రాలుతూ, లేదా ఒళ్ళంతా చీము పొక్కులతో, చలిజ్వరంతో ఆస్పత్రిలో చేరిన కుర్రాళ్ళున్నారు. బస్తీల్లో ఆర్ఎంపీలు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లదీ ఇదే కథ. ఒకవేళ మీ వారు ఇప్పటికే అలాంటిది కొన్ని వారాలుగా వేసుకుంటుంటే, ఒక్కసారిగా ఆపేయకండి. ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి, మెల్లగా తగ్గిస్తారు.

మన ఊళ్ళో ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. వానాకాలం వస్తే డెంగీ. మెథోట్రెక్సేట్ మీద ఉన్న మనిషికి జ్వరం వస్తే ఆ వారం గోలీ ఆపి, రక్తకణాలు చూపించి, డాక్టరుని అడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. డెంగీ ప్లేట్‌లెట్లు దించుతుంది, ఈ మందూ దించగలదు, రెండూ కలవకూడదు. ఒళ్ళునొప్పులకి సొంతంగా డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు, పారాసిటమాల్ చాలు. మూత్రంలో మంటకో, విరేచనాలకో కోట్రైమాక్సజోల్ అనే యాంటిబయాటిక్ ఉన్న గోలీ ఎవరైనా ఇస్తే అది ఈ మందుతో అస్సలు పడదు, ఎముక మజ్జని దెబ్బతీస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా, నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందు చెప్పాలి. నోట్లో పుండ్లు, ఆగని పొడిదగ్గు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, కారణం లేకుండా ఒంటిమీద కమిలిన మచ్చలు, వీటిలో ఏది కనిపించినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.

గోలీ మొదలుపెట్టామని పూతలు మానేయకండి. మెథోట్రెక్సేట్ గుణం కనిపించడానికి నెల నుంచి రెండు నెలలు, పూర్తిగా తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మూడో వారంలో పనిచేయడం లేదని వదిలేసినవాళ్ళే ఎక్కువ. ఈలోగా కాల్సిపోట్రియాల్ పూత, తారు షాంపూ లాంటివి కొనసాగించాలి. బోరు నీళ్ళు గట్టిగా ఉండే అపార్ట్‌మెంట్లలో స్నానం తర్వాత చర్మం బిర్రబిగుసుకుపోతుంది. సున్నిపిండితో, పీచుతో రుద్దకండి. రుద్దినచోట, గీరినచోట కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు గుణం. గోరువెచ్చని నీళ్ళతో పోసుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, పెట్రోలియం జెల్లీయో రాయాలి. పథ్యం పేరుతో వంకాయ, గోంగూర, చేపలు మాన్పించే పని లేదు. బరువు తగ్గించడం మీద ఆ పట్టుదల పెట్టండి, బరువు తగ్గితే జబ్బూ తగ్గుతుంది, మందూ బాగా పనిచేస్తుంది. బీపీకి బీటా బ్లాకర్లు ఎవరైనా రాస్తే సోరియాసిస్ ఉందని చెప్పండి, కొందరిలో అవి దీన్ని పెంచుతాయి.

ఎన్నాళ్ళు అన్నదానికి నిజం చెప్పాలి. కొందరికి ఏడాది, రెండేళ్ళు వాడి మోతాదు తగ్గిస్తూ ఆపగలం, నెలలో, ఏళ్ళో ప్రశాంతంగా గడుస్తాయి. కొందరికి ఆపగానే తిరిగి వస్తుంది, వాళ్ళు తక్కువ మోతాదుతో ఏళ్ళ తరబడి ఉంటారు, పరీక్షలు సరిగ్గా ఉన్నంతకాలం అందులో తప్పులేదు. మీ వారు ఏ గుంపులో ఉన్నారో వాడి చూస్తేగానీ తెలియదు.

ఈ వారం మీరు చేయాల్సింది ఇది. పైన చెప్పిన పరీక్షలు, ఫైబ్రోస్కాన్ చేయించి అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. పాత ఆయింట్‌మెంట్ ట్యూబులు, గోలీల స్ట్రిప్పులు ఉంటే అవీ తీసుకెళ్ళండి. బీరు, బిడ్డ, కీళ్ళ నొప్పులు, ఈ మూడూ మీ వారి నోటితోనే డాక్టరుగారికి చెప్పించండి. రిపోర్టులు బాగుండి, మెథోట్రెక్సేట్ అనే నిర్ణయిస్తే, వారంలో ఏ రోజు ఏ గోలీయో రాయించుకున్నాకే మందుల షాపుకి వెళ్ళండి.